బాత్రూం తలుపు మీద రైలు

తుకారాం రైలు కట్టడం మొదలుపెట్టిన నాడే బాత్రూం తలుపు ఊడదీశాడు. టేకు తలుపు. వంగదు, చెద పట్టదు. ఆర్మూర్ అంతా తిరిగినా రైలు పరచడానికి అంత నున్నటి పలక దొరకదని అతని నమ్మకం. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. తుకారాం ఏ మాటా చెప్పేవాడు కాదు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసినన్నాళ్లూ కూడా "ఊఁ" అంటే ఎత్తమని, "ఆఁ" అంటే దించమని. దాంతోనే బతుకు గడిచిపోయింది.

భార్య రత్నవ్వ చెంబు పట్టుకొని బాత్రూంకు పోయి, వెనక్కి వచ్చింది. అక్కడ తలుపు లేదు, పాత దుప్పటి వేలాడుతోంది. తలుపేమో ముందర గదిలో రెండు స్టూళ్ల మీద వెల్లకిలా పడుకొని ఉంది.

"ఏందయ్యా ఇది?"

"రైలు."

"రైలా? నేను స్నానం ఎక్కడ చెయ్యాలె, ప్లాట్‌ఫారం మీదనా?"

తుకారాం స్టూలు కాలి కింద చెక్కముక్క దూర్చి తలుపు ఊగకుండా చూశాడు.

పెళ్లికి ముందు అతను ఒక చక్కెర ఫ్యాక్టరీ చెరకు లైను మీద పట్టాలు సరిచేసే పని చేశాడు. అది బుల్లి రైలు. పట్టాల మధ్య ఒక మేక అడ్డం పడుకుంటే ఇక చోటుండదు. లైను ఒక గుట్ట పొట్టలోంచి దూరి పోయేది. ఫ్యాక్టరీ మూతపడింది, పట్టాలు పాత ఇనుము కింద పోయాయి, గుట్టను కంకరకు కొట్టేశారు. బస్తాలు మోయడం మానేసి ఇంటి పట్టున కూర్చున్నాక ఆ లైను మళ్లీ తుకారాం చేతుల్లోకి వచ్చింది.

సైకిల్ స్పోకులు వంచి పట్టాలు చేశాడు. వాటి మధ్య ఎడం అగ్గిపుల్లంత. ఇంజన్‌లో బొమ్మకారు మోటారు. వ్యాగన్లలో చెరకుకు బదులు చీపురు పుల్లలు. గోనె దారం విప్పి గోరంత బస్తాలు కుట్టాడు. మైనంతో గార్డును చేసి వాడికి ఎర్ర దారంతో తలపాగా చుడుతూ ఒక పూట గడిపాడు. ఆ పూట రత్నవ్వ రెండుసార్లు అన్నానికి పిలిచింది, మూడోసారి కుక్కను పిలిచింది.

అంతా కుదిరింది, గుట్ట కుదరలేదు. మట్టితో చేస్తే ఎండి పగిలింది. సిమెంటుతో చేస్తే బరువుకు స్టూలు కుంగింది. చివరికి పసుపు పొడిలో జిగురు కలిపి పిసికి నిలబెట్టాడు. పగలలేదు, పురుగు చేరలేదు. పూర్తిగా ఎండినాక నల్లరంగు వేస్తే అచ్చం రాతిగుట్టే అవుతుంది, రంగు మాత్రం ఇంకా వెయ్యలేదు. కాని సొరంగం కప్పు మెత్తగా కిందికి జారింది. రైలు ముక్కు దూర్చి, లోపల ఇరుక్కొని, గుయ్‌మని ఏడ్చేది.

"ఆ గుట్ట తీసి పారెయ్యరాదూ?" అంది రత్నవ్వ.

"గుట్ట లేంది గది మా లైనెట్లయితది?"

అంత పొడుగు మాట అతని నోట విని రత్నవ్వ కూర్చుండిపోయింది. కాని పట్టు విడవలేదు. "ఐతవారం మోర్తాడ్ నుంచి వియ్యపురాలొస్తది. దుప్పటెనుక స్నానం చెయ్యమని ఏ మొఖంతోని చెప్పాలె? శనివారం పొద్దుగూకేసరికి నీ రైలు చెయ్యి వెట్టకుంట ఒక్క చుట్టు తిరగాలె. తిరిగితే కొత్త తలుపు నేనే తెప్పిస్త. తిరగకపోతే ఈ తలుపు పోయి దాని జాగల అది కూసుంటది. సరేనా?"

"ఊఁ."

శుక్రవారం పొద్దున తుకారాం సొరంగాన్ని చెంచాతో గీకి పెద్దది చేశాడు. ఆరడానికి వదిలేసి, స్నానానికి పోయాడు. రత్నవ్వ రేషన్ దుకాణానికి పోయింది. అది శ్రావణ శుక్రవారమన్న సంగతి తుకారాంకు గుర్తులేదు.

పక్కింటి ఎంకవ్వ పేరంటానికి పిలవడానికని నలుగురు ఆడవాళ్లను వెంటేసుకొని, దీపం, పువ్వులు, కొబ్బరికాయ ఉన్న పూజ పళ్లెంతో వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"వో! రత్నక్క గౌరమ్మను నిలవెట్టింది సూడుండ్రే! ఎంత పెద్ద గౌరమ్మో!"

తుకారాం చేతిలో చెంబు ఆగిపోయింది. పసుపు ముద్దను అంత శిఖరంగా నిలబెడితే ఈ ఊళ్లో ఎవరైనా ఏమనుకుంటారో అప్పుడు తట్టింది. బయటికి పోయి చెబుదామంటే ఒంటి మీద నీళ్లు తప్ప ఏమీ లేవు. కట్టుకోవాల్సిన లుంగీ పట్టాల పక్కనే మడిచిపెట్టి మరిచిపోయి వచ్చాడు.

"సుట్టూ కంచె గూడ ఏసిండ్రు," అంది ఒకామె పట్టాలను చూసి.

"దీపానికి గూడు సూడు, ఎంత ముద్దుగ తొలిసిండ్రో!" ఎంకవ్వ సొరంగంలో దీపం పెట్టింది.

తుకారాం గొంతు సవరించుకున్నాడు. "గది... గౌరమ్మ గాదు..."

ఏళ్ల తరబడి వాడని గొంతు దుప్పటి దాటలేదు.

"ఎవరో మూలిగినట్టున్నరు?"

"తుకారాం బావ తానం చేస్తున్నడు. సన్నీళ్లు గావొచ్చు. పూజకాడ పీటకు గూడ బొట్టు వెట్టుండ్రే!"

వాళ్లు గుట్టకు కుంకుమ పెట్టారు. ముందున్న తలుపు చెక్కకూ పెట్టారు. వ్యాగన్లు ఖాళీ చేసి చామంతులు నింపారు. తుకారాం లుంగీని పీట మీది గుడ్డ అనుకొని గుట్ట ముందు పరిచి కొబ్బరికాయ పెట్టారు. తర్వాత పాట అందుకున్నారు. పొడుగు పాట. తుకారాం దుప్పటి వెనక నిలబడి వణుకుతూ ఆఖరి చరణం కోసం ఎదురుచూశాడు.

రత్నవ్వ బియ్యం సంచితో వచ్చి, తన ఇంట్లో హారతి చూసి బిత్తరపోయింది.

"ఎంకవ్వా, గది గుట్ట! మా ముసలాయన రైలు గుట్ట! కిందున్నది బాత్రూం తలుపు!"

పాట తెగింది. ఆడవాళ్లందరూ తలుపు గొళ్లెం వైపు చూశారు. ఎంకవ్వ నోటి మీద చెయ్యేసుకుంది. తర్వాత దుప్పటి వైపు తిరిగింది.

"ఓ బావా! గింత సేపు లోపలుండి ఒక్క మాటన్నా చెప్పరాదా?"

"చెప్పిన," అంది దుప్పటి.

"గట్ల చెప్తే గౌరమ్మకే ఇనవడదు, మాకేం ఇనవడతది?" నవ్వులు ఆగాక ఎంకవ్వే తీర్పు చెప్పింది. "తెలిసో తెలవకో మొక్కినం. ఇగ గుట్ట గాదు, గౌరమ్మనే. రేపు నీళ్లల్ల కలుపుదాం."

మరునాడు పొద్దున తుకారాం తన గుట్ట బకెట్లో కరిగిపోవడం చూశాడు. ఫ్యాక్టరీ వాళ్ల గుట్ట పోయినప్పుడు అతను అక్కడ లేడు. దీన్ని మాత్రం చివరిదాకా చూశాడు. ఆ పచ్చని నీళ్లు ఎంకవ్వ కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది.

సాయంత్రం రైలును పట్టాల మీద పెట్టాడు. గుట్ట లేని జాగాలోంచి అది సర్రున పోయింది. చుట్టు తిరిగి వచ్చి అతని వేలి ముందు ఆగింది.

"తిరిగింది గదా," అంది రత్నవ్వ, కొంచెం మెత్తగానే.

"గుట్ట లేకుంట తిరిగింది. గది లెక్కగాదు."

తుకారాం స్క్రూడ్రైవర్ తెచ్చి గుట్ట ఉన్న వైపు నుంచి పట్టాలు విప్పసాగాడు. కిందున్న చెక్క బయటపడింది. పళ్లెమంత గుండ్రంగా పసుపు మరక, ముందర ఎర్రటి బొట్టు. రత్నవ్వ పీచు తెచ్చి రుద్దింది. సబ్బు పెట్టి రుద్దింది. పసుపు టేకులోకి దిగిపోయింది. రుద్దినకొద్దీ ఇంకా నిగనిగలాడింది.

తుకారాం తలుపుకు ఒక వైపు పట్టుకొని, రెండో వైపు పట్టుకొమ్మన్నట్టు ఆమెను చూశాడు.

రత్నవ్వ బొట్టు వైపు చూసింది, బాత్రూం వైపు చూసింది. "దించు," అంది.

"మాట మాటే. పెడదాం పట్టు."

"గౌరమ్మ కూసున్న చెక్కను బాత్రూంకు పెడుతవా? సిగ్గున్నదా నీకు? దించు! కాళ్లు గిట్ల తాకేవు, లెంపలేసుకో!"

తుకారాం లెంపలు వేసుకున్నాడు. రత్నవ్వ ప్లాస్టిక్ తలుపుల దుకాణానికి ఫోన్ చేసింది. సోమవారం గాని కుదరదన్నారు.

ఆదివారం వియ్యపురాలు వచ్చింది. పసుపు మరకను తొక్కకుండా దాని చుట్టూ తిప్పి బిగించిన పట్టాల మధ్య బొట్టు చూసి చెప్పులు బయట విడిచి, దండం పెట్టి, ఒక వ్యాగన్‌లో పువ్వు వేసింది. చాయ్ తాగాక మెల్లగా అడిగింది. "వదినా, బాత్రూం ఎక్కడ?"

రత్నవ్వ మొఖం ఎర్రబడింది. చేత్తో దుప్పటి వైపు చూపించింది. వియ్యపురాలు దుప్పటినీ, దుప్పటి వియ్యపురాలినీ చూసుకున్నాయి. రత్నవ్వ ముందు నడిచి, దుప్పటి ముందర కొంగు బిగించి తలుపులాగా నిలబడింది. అక్కడి నుంచి మొగుడి వైపు కళ్లురిమింది.

"సూస్తవేంది? జర నీ రైలు నడుపు. సప్పుడన్న అయితది."

రైలు నడపమని ఆమె అనడం అదే మొదలు. తుకారాం బ్యాటరీ తగిలించాడు. రైలు చామంతులతో పసుపు మరక చుట్టూ గుయ్‌మని తిరిగింది.