పేరు వేయని సంచులు

ముందుగా మన్నించాలి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒకచోట పెట్టాల్సిన వత్తు ఇంకోచోట పెడతాను. నేను ఒక పేజీ రాసే లోపల మా తోడికోడలు రెండు దిండు గలీబులు కుట్టి, మడతపెట్టి, నా వెనక నిలబడి "ఇంకా అక్కడే ఉన్నావా అక్కా" అంటుంది. కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదవండి. చెప్పే విషయంలో మాత్రం తప్పు లేదు. దానికి మన్నించమని అడగను.

బట్టల కొట్టు షావుకారు మా గురించి వీధంతా చెప్పుకుంటున్నాడు. ఇచ్చిన బట్ట పాడుచేశామట. మంచికి పోతే మొహాన కొట్టామట. ఆయన మాట మీరు విన్నారు. ఇప్పుడు నా మాట వినండి.

మా ఆయన పెద్దాసుపత్రిలో పోయారు. వారం తర్వాత ఆయన వస్తువులు తెచ్చుకోవడానికి వెళ్లాను. చొక్కా, కళ్లజోడు, చెప్పులు, సగం అరిగిన సబ్బు. అన్నీ ఒక నల్ల కవరులో వేసి, మూతి ముడేసి చేతికిచ్చారు. చెత్తబుట్టలకు తొడుగుతారే, ఆ కవరు. ఇచ్చిన నర్సు తప్పేమీ లేదు, వాళ్ల దగ్గర ఉన్నది అదే. అది పట్టుకుని బస్సెక్కాను. కండక్టరు చూసి, "చెత్త సీటు మీద పెట్టకమ్మా, కింద పెట్టు" అన్నాడు.

ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. కవరు ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరాను. ఆ తర్వాత కూరలు తరుగుతూ, గిన్నెలు తోముతూ, మిషను తొక్కుతూ ఆ మనిషికి జవాబు చెబుతూనే ఉన్నాను. చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఇక జవాబు కుట్టి ఇద్దామనుకున్నాను.

ఆ ఆసుపత్రిలో కొత్త వార్డు తెరుస్తున్నారని తెలిసింది. అందులో పనిచేయబోయే సిస్టరు మా వీధి మలుపులోనే ఉంటుంది. గుడ్డ సంచులు కుట్టిస్తే పెట్టుకుంటారా అని అడిగాను.

"తెచ్చివ్వండమ్మా. ఆ కవర్లు చేతికివ్వాలంటే మాకూ చచ్చేంత సిగ్గు" అంది.

బాగై ఇంటికెళ్లే వాళ్లకూ అదే సంచి, పోయినవాళ్ల సామాను మోసుకెళ్లే వాళ్లకూ అదే సంచి. చూసినవాళ్లకు ఎవరిది ఏ సంగతో తెలియకూడదు. ఇది నేను మొదట అనుకున్న మాట. మిగిలిందంతా దాని వెనకే వచ్చింది.

పాత పేపరు నేల మీద పరిచి, సుద్దతో గీసి, నేనూ మా తోడికోడలూ కొలతలు వేశాం.

"రెండు పిడులు పెడదాం అక్కా, చూడ్డానికి బాగుంటుంది."

"చూడ్డానికి ఎవరికే తీరిక? ఒక చెయ్యి మనిషిని పట్టుకోవాలి, ఇంకో చేతిలో మందులు. భుజానికి తగిలించుకునే పట్టీ ఒక్కటే పెట్టు. పొడుగ్గా."

"పొట్టివాళ్లకి నేల ఊడుస్తుంది."

"నీ బాధా?"

"నాది కాదు, మీ మరిదిది."

"నాకన్నీ వినిపిస్తున్నాయి" అన్నాడు పక్కగదిలోంచి మరిది.

పట్టీ చివర ముడి వేసుకునేలా వదిలాం, ఎవరి ఎత్తుకు వాళ్లు సరిచేసుకోవచ్చు. మొదటి సంచిలో ఫ్లాస్కు పెట్టగానే అది తాగుబోతులా పక్కకు ఒరిగింది. అప్పుడు అడుగు మూలలు రెండూ ముక్కోణంగా మడిచి అడ్డంగా కుట్టాం. ఇక మంచం పక్కన దించితే బుద్ధిగా నిలబడింది. కళ్లజోడుకు లోపలొక జేబు పెట్టాం. మూతికి తాళ్లు పెట్టాం, లోపలేముందో వీధి కళ్లకు పనిలేదు కాబట్టి. చెప్పులూ తువ్వాలూ ఫ్లాస్కూ అన్నీ వేసి మరిది భుజాన తగిలించి, వీధి గుమ్మం నుంచి పెరడు దాకా నడిపించాం. ఆయన గొణుక్కుంటూనే నడిచాడు.

ఇక బట్ట కావాలి. అక్కడ వచ్చాడు షావుకారు.

ఆయన ఇవ్వడంలో చెయ్యి పెద్దదే, కాదనను. కానీ ఇచ్చిన ప్రతిదాని మీదా పేరుంటుంది. బస్టాపు బెంచీ మీద ఆయన పేరు. బడి గోడ మీద ఆయన పేరు. ఆసుపత్రి మంచినీళ్ల కుళాయి మీద, చెయ్యి కడుక్కుంటుంటే కళ్లెదురుగా ఆయన పేరు. అందుకే వీధిలో ఆయన్ని బోర్డుగారు అంటారు, వెనక. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివింది కూడా ఆయన పేరే. ఎటు తిరిగినా అదే కనిపించేది మరి.

సిస్టరు ద్వారా సంగతి తెలిసి, "బట్ట నాది, మీరు కుట్టండి చాలు" అని కబురు పెట్టాడు. రెండు తాన్లు వచ్చాయి. లేత మీగడ రంగు, చక్కని నేత. సంతోషంగా విప్పి పరిచాను. జానెడు జానెడుకీ ఎర్ర అక్షరాలతో ఆయన పేరు, దాని కింద కొట్టు పేరు, పైన "దాత" అని.

మా తోడికోడలు నోటి మీద చెయ్యేసుకుంది. "అమ్మో, ఇది సంచా, సైన్‌బోర్డా?"

"తిరగేసి కుట్టు" అన్నాను. "పేరు లోపలికి పోతుంది."

"మోసం అంటాడేమో అక్కా."

"చెరిపామా? కోశామా? లోపల ఉంటుంది కదా. గుప్తదానం. ఆయనకు పుణ్యం ఇంకాస్త ఎక్కువే."

నవ్వుకుంటూ కుట్టాం. ఆమె కత్తిరిస్తే నేను మిషను మీద వేసేదాన్ని, నేను అలిసిపోతే ఆమె. మా పనిగదికి ఉన్నది ఒకే కిటికీ, అదీ పక్కింటి గోడ వైపు. పగలు కూడా లైటు వేసుకునే పని చేయాలి. ఆ గదిలో మా సంచులు మల్లెపువ్వుల్లా తెల్లగా కనిపించాయి. మాకు తెలివి తెల్లారింది అక్కడే. ఇంతకాలం సూది పట్టిన ఇద్దరం ఒక్క సంచినైనా ఎండలోకి తీసుకెళ్లి చూడలేదు.

వార్డు తెరవడానికి ముందు, ఒక పొద్దున షావుకారు కొట్టులో పనిచేసే ఇద్దర్ని వెంటేసుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు.

"చూడండమ్మా, ఆ రోజు ఫొటో ఉంటుంది. మీరిద్దరూ చెరో సంచీ ఇట్లా గుండెల దగ్గర పట్టుకుని నిలబడాలి. పేరు కెమెరా వైపు ఉండాలి. వేళ్లు పేరు మీదికి రానివ్వకండి."

"పాలు పొంగుతున్నట్టున్నాయి" అని మా తోడికోడలు లోపలికి మాయమైంది. పొయ్యి మీద పాలు లేవు.

ఆయన ఒక సంచి చేతిలోకి తీసుకుని ముందు చూశాడు, వెనక చూశాడు. "పేరేది?" అన్నాడు. మెట్ల మీదికి తీసుకెళ్లి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. మీగడ రంగు గుడ్డలోంచి ఎర్ర అక్షరాలు అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగి తేటగా కనిపించాయి.

"ఏంటమ్మా ఇది! నా పేరు తలకిందులు చేశారా?"

"తలకిందులు కాలేదండీ. కుడి ఎడమైంది, అంతే."

కొట్టు మనిషి ఒకడు ఫక్కున నవ్వి, దగ్గులోకి దింపుకున్నాడు.

"వేళాకోళమా? ఇచ్చినవాడి పేరు ఉండొద్దా?"

"బెంచీ మీద ఉంచుకోండి. కూర్చున్నవాళ్లు కాసేపటికి లేచిపోతారు. కుళాయి మీద ఉంచుకోండి. ఇది అట్లాంటిది కాదు. భుజానేసుకుని ఇంటిదాకా నడవాలి. భార్యను పోగొట్టుకున్నవాడు, కొడుకును పోగొట్టుకున్న తల్లి మీ కొట్టు బోర్డు మోసుకుంటూ వీధిలో నడవాలా?"

"ఊరికే వచ్చినదానికి ఆ మాత్రం మోస్తే అరిగిపోతారా?"

ఈ మాట ఆయన నా గుమ్మంలో అన్నాడు. మీకు చెప్పినప్పుడు ఇది వదిలేసి ఉంటాడు. నేను వదలను.

"పేరు బయటికి తిప్పి మళ్లీ కుట్టండి. లేదా నా బట్ట నాకిచ్చేయండి" అన్నాడు.

"ఇస్తాను. కూర్చోండి."

లోపలికెళ్లి కుట్టిన సంచులన్నీ ఒడిలో పోసుకొచ్చాను. ఆయన మొహం విప్పారింది. కొట్టు మనిషికి సైగ చేశాడు, అందుకోమని. నేను మెట్టు మీద చతికిలబడి, బ్లేడు తీసి, మొదటి సంచి కుట్టు విప్పడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నారు?"

"బట్ట మీది. కుట్టు మాది. కుట్టు ఇవ్వను."

పట్టీ ఊడింది. జేబు ఊడింది. అడుగు మూలలకు రెండేసి వరసలు వేశాం, గట్టిగా ఉండాలని. అవి విప్పుతుంటే నా పళ్లు నేనే కొరుక్కున్నాను. దారం ముక్కలు చీర మీద రాలుతున్నాయి. వెనక అడుగుల చప్పుడైంది. మా తోడికోడలు వచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. సగం పని ఆమెది, అందంగా వచ్చిన సగం ఆమెదే. ఆమె ఇంకో బ్లేడుతో నా పక్కన కూర్చుని, "అటు చివర నేను పట్టుకుంటా, జరుగక్కా" అంది. తర్వాత తలెత్తి, "టీ పెట్టమంటారా అండీ? ఆలస్యమయ్యేట్టుంది" అంది.

ఆయన టీ తాగలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మేం విప్పిన ముక్క విప్పినట్టు చదునుచేసి ఇస్తుంటే కొట్టువాళ్లు మడత పెట్టుకున్నారు.

"ఈ ముక్కలు నేనేం చేసుకోను?"

"అన్నిటి మీదా మీ పేరుంది కదండీ. తీరిగ్గా చదువుకోండి."

ఆయన బండి వెళ్లిపోయాక గదిలోకొచ్చాం. బల్ల మీద కత్తెర, సుద్ద, పేపరు కొలతలు మాత్రం ఉన్నాయి. మా తోడికోడలు అప్పుడు ఏడ్చింది. "ఏం సాధించాం అక్కా? వార్డు తెరిచే రోజుకి మళ్లీ ఆ నల్ల కవర్లేగా?"

ఆమె మొహం చూడలేక కిటికీ వైపు చూశాను. తెర వేలాడుతోంది. ఆకుపచ్చది, దళసరిది, చిన్న చిన్న ఆకులున్నది. స్టూలు ఎక్కి దింపాను. మా తోడికోడలు ముక్కు తుడుచుకుని ముందుగది తెరలు దింపింది. పడకగదివి కూడా దింపుతుంటే మరిది, "నేను పడుకునే దుప్పటైనా వదలండి తల్లీ" అన్నాడు. అది వదిలాం. మంచి దుప్పట్లు రెండు తీసుకున్నాం.

ఎంత గుంజినా ముందు కుట్టినవాటిలో సగం కూడా రాలేదు. తీసుకెళ్లి సిస్టరుకిచ్చాం. వార్డు తెరిచిన రోజు ఫొటోకు మేం వెళ్లలేదు. షావుకారు ఈలోగా కొత్త తాన్లు తెప్పించి, తన దర్జీతో సంచులు కుట్టించి పెట్టాడు. పేరు రెండువైపులా. అలమరలో పై అరలన్నీ అవే, మావి అడుగున. తర్వాత ఒకరోజు వెళ్లి అది చూసొచ్చి మా తోడికోడలు అన్నం సరిగా తినలేదు. "జనం చేతికేదందితే అది పట్టుకుపోతారు, మనకే పట్టింది" అంది.

ఆ మాటే నన్నూ తొలిచింది. నిజంగా ఎవరికీ పట్టదా? నా ఒక్కదాని పంతమా ఇది?

మిగిలిన ముక్కలతో ఇంకొన్ని కుట్టి, నేనే మోసుకుని వార్డుకు వెళ్లాను. మెట్ల దగ్గర బెంచీ మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. గోడలకు రంగులు వేసే మనిషి, గోళ్లలో ఇంకా నీలం రంగుంది. కాళ్ల దగ్గర షావుకారు సంచి. లోపల్నుంచి ఆడవాళ్ల చెప్పులు, దువ్వెన కనిపిస్తున్నాయి. సంచి ఒక వైపు పేరును తన కాలికి ఆనించి పెట్టుకున్నాడు. రెండో వైపు పేరు మీద తువ్వాలు కప్పాడు. తువ్వాలు జారితే మళ్లీ కప్పాడు.

నేను పక్కన కూర్చున్నాను. ఆకుపచ్చ సంచి ఒకటి తీసి బెంచీ మీద పెట్టాను. "ఇందులో సర్దుకో బాబూ."

అతను దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "దీని మీద ఏమీ రాయలేదే?"

"లేదు."

చెప్పులు అడుగున పెట్టాడు. బట్టలు విప్పి, ఒళ్లో పెట్టుకుని, మళ్లీ మడిచి పెట్టాడు. దువ్వెనకు జేబు తనే వెతుక్కున్నాడు. మూతి తాళ్లు బిగించి, పట్టీ ముడి తన ఎత్తుకు సరిచేసుకున్నాడు. లేచాక ఆగి అడిగాడు.

"ఇంట్లో పిల్లలున్నారమ్మా. ఇదెవరిచ్చారంటే ఏం చెప్పను?"

"ఎవరూ ఇవ్వలేదని చెప్పు. అమ్మ సంచి అని చెప్పు."

అతను తల ఊపి, సంచి భుజాన వేసుకుని, నిమ్మళంగా మెట్లు దిగి వెళ్లాడు.

ఖాళీ అయిన షావుకారు సంచిని దులిపి, మడిచి, అలమరలో పెట్టాను. ఆయన సొత్తు నాకక్కర్లేదు. కాకపోతే అడుగు అరలో పెట్టాను. మా వాటిని చేతికందే ఎత్తులో పై అరలోకి మార్చాను. సిస్టరు చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది. రేపు ఆయన వచ్చి మళ్లీ మార్పించుకుంటే మార్పించుకోనీ. ఎల్లుండి నేను వస్తాను. ఆయనకు కొట్టుంది, లెక్కలున్నాయి, ఫొటోలున్నాయి. నాకు ఇదొక్కటే పని.

ఇట్లు,
వీధివాళ్లు సంచుల పెద్దమ్మ అని పిలిచే నేను. అరవై తొమ్మిది నిండాయి. మరిదీ తోడికోడలూ ఉంటున్న ఇంట్లోనే, మేడమెట్ల పక్క గదిలో ఉంటున్నాను. పగలంతా తలుపు తీసే ఉంటుంది. నాతో మాట్లాడాలనుకునేవాళ్లు వీధిలో కాకుండా అక్కడికి వచ్చి మాట్లాడవచ్చు.