చచ్చి సాధించినవాడు

ఇరవై రెండేళ్ళ సినిమా జీవితంలో ఆయన ఒక్కసారి కూడా బతకలేదు. మొదటి సినిమాలో కత్తిపోటుకు పోయాడు, రెండోదానిలో వరదలో పోయాడు, ఆ తర్వాత రైలు కింద, మంచం మీద, మెట్ల మీద, ఒకసారి ఊయల మీద కూడా పోయాడు. హీరో ఏడవాలన్నా, హీరోయిన్ కెవ్వుమనాలన్నా, ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల దించుకోవాలన్నా, కింద ఈయన పడుకొని ఉండాల్సిందే. అందుకే స్టూడియోలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ‘కీర్తిశేషులు’ అనేవారు. "కీర్తి ఇంకా రాలేదు గనక, ఉన్నదంతా శేషమే" అని ఆయనే అందరికంటే ముందు నవ్వేసేవాడు.

ఆ నవ్వంతా షాటు బయట. పనిలోకి దిగితే ఆయనంత నిఖార్సయిన శవం ఆ చుట్టుపక్కల లేదు. ‘యాక్షన్’ అనకముందే ఊపిరి పూర్తిగా వదిలేస్తాడు. పీల్చి బిగబడితే ఛాతీ పొంగుతుంది, అది పోయినవాడిలా కాక ఫోటో దిగేవాడిలా ఉంటుందని ఆయన సిద్ధాంతం. కళ్ళు తెరిచి చావాల్సివస్తే ఎదురుగోడ మీద ఒక మేకును చూసుకొని, చూస్తున్న సంగతి మరిచిపోతాడు. ముక్కు మీద ఈగ వాలితే వాలనిస్తాడు. షాటు మరీ సాగితే వీపుతో ఊపిరి తీస్తాడు, ముందు నుంచి చూసేవాడికి చొక్కా గుండీ కూడా కదలదు.

ఇంతకీ ఇప్పుడు తీస్తున్న సినిమా పేరు ‘పెద్దాయన పలకరించాడు’. ఎనభై ఏళ్ళ కిందట అదే ఊళ్ళో జరిగిన హత్య కథ. డైరెక్టరమ్మ రెండేళ్ళు పాత కోర్టు కాగితాలు తిరగేసి, దుమ్ముకు తుమ్మితుమ్మి రాసుకుంది. చావు కథే గానీ చచ్చేంత నవ్వొచ్చే కథ.

ఒక పెద్దాయన. పెళ్ళాం బిడ్డలు లేరు, ఇద్దరు మేనల్లుళ్ళు ఉన్నారు. ఆయన ఇంటి మీద కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. తీర్పు వచ్చేదాకా ఆయన బతికుంటే ఇల్లు ఆయనది, ఆయన తర్వాత మేనల్లుళ్ళది. లేకపోతే అవతలి పక్షానిది. మేనల్లుళ్ళు తొందరపాటు మనుషులు. తీర్పు వచ్చేసిందని ఎవరో చెబితే నమ్మి, ఆ సాయంత్రమే మామయ్యకు మందులో మందు కలిపి ఇచ్చారు. తెల్లారి చూస్తే తీర్పు రాలేదు, వాయిదా వచ్చింది. పోయిన ప్రాణానికి వాయిదా అడిగే వీల్లేదు కదా! అందుకని పెద్దాయనను మేడమీద కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, చలికోటు తొడిగి, కుర్చీ కింద ఐసు దిమ్మలు పేర్చి, మణికట్టుకు దారం కట్టి, వీధిలో ఎవరైనా పోతుంటే పరదా వెనక నుంచి లాగేవారు. చెయ్యి లేచేది. పెద్దాయన పలకరించినట్టుండేది. పంతొమ్మిది రోజులు ఇలా లాక్కొచ్చారు.

దొరికిపోయింది కూడా ఆ చేతివల్లే. ఆ పెద్దాయన పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ తిరిగి చెయ్యెత్తిన పాపాన పోలేదు. పదకొండేళ్ళు రోజూ చెయ్యెత్తి పలకరించి, రోజూ పరువు పోగొట్టుకున్న కానిస్టేబుల్ ఒకడుండేవాడు. పన్నెండో ఏట పెద్దాయన చెయ్యి లేవడం చూసి వాడు మురిసిపోలేదు, తిన్నగా స్టేషనుకు పోయి "అయ్యా, ఆ ఇంట్లో ఏదో ఘోరం జరిగింది" అన్నాడు. మామయ్యను చంపిన నేరం కంటే మామయ్యను మర్యాదస్తుణ్ణి చేసిన పొరపాటే మేనల్లుళ్ళను జైలుకు పంపింది.

ఆ పెద్దాయన వేషం మన కీర్తిశేషులకు వచ్చింది. పంతొమ్మిది సీన్లు! ఇంటికి పోయి గుమ్మంలోనే అరిచాడు. "ఏమోయ్, ఈసారి మెయిన్ శవం నేనే!"

షూటింగు మూడోరోజు ఉదయం మేకప్ వేసుకొని సెట్లోకి వచ్చేసరికి, కిటికీ దగ్గర ఆయన కుర్చీలో ఆయనే కూర్చొని ఉన్నాడు. అదే నుదురు, అదే గడ్డం, ఎడమ చెవి పక్కన అదే పుట్టుమచ్చ. పక్కనే బ్రష్షు పట్టుకొని, ఆ చెవికి రంగేస్తున్నవాడు ఆయన స్వంత బావమరిది. ఆర్ట్ డిపార్ట్‌మెంటులో రబ్బరు బొమ్మలు పోతపోస్తాడు. పది రోజుల కిందట ‘కంటిన్యుటీకి, అన్ని సీన్లలో ముఖం ఒకేలా ఉండాలి’ అని చెప్పి బావగారి ముఖానికి నలభై నిమిషాలు ప్లాస్టరు పూసి ఉంచాడు.

"ఎవర్రా వాడు?"

"నువ్వే బావా! పోలిక ఎలా వచ్చింది? నీకంటే నీలా లేడూ?"

"నాలా ఉండటానికి నేనున్నానుగా! మళ్ళీ వాడెందుకు?"

బావమరిది బ్రష్షుతో తల గోక్కొని జుట్టుకు కూడా రంగంటించుకున్నాడు. "ప్రొడ్యూసర్ గారు చెయ్యమన్నారు బావా. దీనికి టీ అక్కర్లేదు, తుమ్ము రాదు, ఎంతసేపైనా కూర్చుంటుంది. బొమ్మ చెయ్యమంటే చేశాను. నీ పొట్ట కొట్టాలని కాదు, ఒట్టు!"

"పొట్ట కొట్టలేదు రా నాయనా. ముఖం కొట్టేశావు."

ప్రొడ్యూసర్ మెల్లగా వచ్చి భుజమ్మీద చెయ్యి వేశాడు. ఆ మనిషి భుజమ్మీద చెయ్యి వేశాడంటే ఉద్యోగం మీద కాలు వేసినట్టే. "ఏమనుకోకండి గురువుగారూ. చచ్చినవాడి వేషానికి బతికున్న మనిషి దేనికి, చెప్పండి? మీరు కదలకుండా ఉంటారు, నిజమే. ఇది అసలు కదల్లేదు."

కీర్తిశేషులు డైరెక్టరమ్మ వంక చూశాడు. ఆమె ముఖం అప్పటికే రెండు రోజులుగా వాడి ఉంది. తీసిన షాట్లన్నీ వేసుకొని చూస్తే చావు ఉంది గానీ నవ్వు లేదు. కామెడీ అని చెప్పి సంతాపసభ తీస్తున్నామేమోనని ఆమె బెంగ.

"రేపు పొద్దున కిటికీ సీను రెండు రకాలుగా తీద్దాం సార్," అంది. "ఒకసారి బొమ్మతో, ఒకసారి ఈయనతో. ఏది బాగుంటే దాంతోనే సినిమా అంతా."

"బొమ్మే బాగుంటే?"

ఆమె కీర్తిశేషుల కళ్ళలోకి చూడలేక చేతిలో కాగితాలు చూసింది. "బాగుంటే... ఈయనకు సెలవు."

వందసార్లు చచ్చినవాడికి ఆ మాటతో మొదటిసారి ప్రాణం మీదికి వచ్చినట్టయింది.

మధ్యాహ్నానికే ఇంటికి చేరి, చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. "మీ తమ్ముడు నా చావు కూడా నన్ను చావనివ్వడం లేదు," అని భార్యతో మొరపెట్టుకున్నాడు.

"వాడి వీపు సంగతి నేను చూసుకుంటా. ముందు మీ శవం సంగతి చూడండి," అని ఆవిడ దండెం తాడు విప్పుకొచ్చింది. ఒక కొస ఆయన మణికట్టుకు కట్టింది, రెండో కొస కిటికీ ఊచ మీదుగా తిప్పి వంటింట్లోకి పట్టుకెళ్ళింది. "లాగుతున్నా!"

లాగింది. చెయ్యి లేచింది. ఆవిడ గరిటెతో సహా తొంగిచూసి పెదవి విరిచింది.

"బాగాలేదు."

"ఏం బాగాలేదు? చచ్చినవాడి చెయ్యి అలాగే లేస్తుంది."

"ఆ పెద్దాయన బతికుండగా ఎవరికైనా చెయ్యెత్తాడా?"

"చచ్చినా ఎత్తేరకం కాదు. అదేగా కథ!"

"మరి చచ్చాక అంత సంబరంగా ఎత్తుతారేం? పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు! నేను బజారు సంచి ఎత్తమంటే మీరు ఎలా ఎత్తుతారో అలా ఎత్తండి."

ఆయన ఇరవై రెండేళ్ళుగా శవమంటే ఏమీ లేకపోవడమనే అనుకున్నాడు. ఊపిరి లేకపోవడం, చూపు లేకపోవడం, చురుకు లేకపోవడం. ఈ శవానికి ఒకటి ఉండాలి. పెద్దాయన ప్రాణం పోయింది గానీ పొగరు పోలేదు. చచ్చిన సంగతి చేతికి ఇంకా తెలియదు, అది పాత యజమాని మాటే వింటోంది.

"మళ్ళీ లాగు," అన్నాడు.

సాయంత్రం దాకా లాగుతూనే ఉంది. కూర ఒకసారి మాడింది, తాడు రెండుసార్లు తెగింది. పదకొండో, పన్నెండో లాగుడికి వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడైంది. ఆయన కంగారుగా వెళ్ళి చూస్తే భార్య నేలమీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకొని, కళ్ళ నీళ్ళు పెట్టుకొని నవ్వుతోంది.

మర్నాడు ముందు బొమ్మ వంతు. మేనల్లుడి వేషం వేసిన హీరో పరదా వెనక నుంచి దారం లాగాడు. చెయ్యి రైల్వే సిగ్నలులా ఠక్కున లేచింది, ఠక్కున దిగింది. కింద వీధిలో కానిస్టేబుల్ వేషధారి ఆశ్చర్యపోయాడు. షాటు ఓకే. పోలిక భేష్. ఎవరూ నవ్వలేదు. బావమరిది ఒక్కడే "సూపర్!" అన్నాడు గానీ, ఆ గొంతులో కూడా రబ్బరు వాసనే వచ్చింది.

తర్వాత కీర్తిశేషులు కూర్చున్నాడు. ఊపిరి వదిలేశాడు. ఎదురుగోడ మీద మేకు వెతుక్కున్నాడు.

"యాక్షన్!"

హీరో దారం లాగాడు. చెయ్యి రాలేదు.

హీరో కంగారుపడి ఇంకాస్త లాగాడు. చెయ్యి ఒక అంగుళం లేచి, అక్కడ ఆగి, ‘ఎవడికి?’ అన్నట్టు వేలాడింది. కింద కానిస్టేబుల్ వెళ్ళిపోతున్నాడు. ఇది స్క్రిప్టులో లేదు. హీరోకు నిజంగానే చెమట పట్టింది, గోడకు కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగాడు. అప్పుడు లేచింది చెయ్యి. ఎంత అయిష్టంగా లేచిందంటే, జన్మలో ఎవరికీ చిల్లిగవ్వ విదల్చనివాడు జేబులోంచి వజ్రం తీసి ఇస్తున్నట్టు లేచింది. చెవిదాకా వచ్చి, అయిదు వేళ్ళు కాకుండా రెండే వేళ్ళు విచ్చి, ‘ఇంతే, ఇంతకంటే లేదు’ అని దబ్బున పడిపోయింది. ఆ విసురుకు దారంతోపాటు హీరో, హీరోతోపాటు పరదా, పరదాతోపాటు పరదా కమ్మీ కిటికీలోకి వచ్చి పడ్డాయి. ఇంత జరిగినా కుర్చీలో ముఖం మాత్రం ముఖంలాగే ఉంది. రెప్ప లేదు, ఊపిరి లేదు, గుండీ కదల్లేదు.

ముందు కెమెరా ఊగింది. భూకంపం కాదు, కెమెరామన్ నవ్వు. తర్వాత లైట్ల వాళ్ళు, మేకప్ వాళ్ళు, కింద వీధిలో కానిస్టేబుల్. డైరెక్టరమ్మ ‘కట్’ అనడానికి నోరు తెరిచి, ‘క... క...’ దగ్గరే ఆగిపోయి కాగితాలతో ముఖం కప్పుకుంది. ప్రొడ్యూసర్ స్టూలు మీద నుంచి జారి, "చంపేశాడ్రా బాబూ!" అని నేల చరిచాడు.

నవ్వుల గోలకు టేకు పాడైంది. రెండోదీ పాడైంది. పద్నాలుగు టేకులు చేయించారు. పద్నాలుగుసార్లూ చెయ్యి కొత్త కొత్త అయిష్టంతో లేచింది, పద్నాలుగుసార్లూ ఎవడో ఒకడు ఆపుకోలేకపోయాడు.

బావమరిది బొమ్మను చంకన పెట్టుకొని దగ్గరికొచ్చాడు. "సరే బావా, ఒప్పుకున్నా. మెట్ల మీద నుంచి పడే సీను ఉందిగా? పడే సీనులో నా బొమ్మ పడుతుంది. నవ్వులు పేలే సీన్లన్నీ నువ్వే చెయ్యి."

"నడుం విరిగే పనులు నా ముఖానికి, పేరొచ్చే పనులు నాకూ! ఇన్నాళ్ళకు మీ అక్కకు తమ్ముడివనిపించావు రా," అని ఆయన వాడి వీపు చరిచాడు. అక్కగారు చరచబోయేదాని ముందు అది చాలా తేలిక.

ఇంతలో డైరెక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "ఒక సీను కొత్తగా రాస్తున్నానండీ. చచ్చాక చెయ్యెత్తితేనే ఇంత నవ్వొస్తే, బతికుండగా ఎత్తకపోవడం జనం ముందే చూడాలి. సినిమా ఆ సీనుతో మొదలవ్వాలి. మీరే చెయ్యాలి."

"నేనా? ఎలా చెయ్యాలి?"

"బతికి."

ప్రొడ్యూసర్ ఏదో అనబోయి, తన నవ్వు తనకే గుర్తొచ్చి తలూపాడు.

మధ్యాహ్నం గేటు ముందు షాటు పెట్టారు. కానిస్టేబుల్ చెయ్యెత్తాలి. పెద్దాయన ఎగాదిగా చూసి ఒక్క మాట అని వెళ్ళిపోవాలి. సౌండు మనిషి వచ్చి ఆయన కాలరులో మైకు గుచ్చుతూ, "మీ గొంతు ఇదే మొదటిసారి రికార్డు చేస్తున్నా సార్," అన్నాడు. కదలకపోవడంలో ఆయనకు ఎదురులేదు గానీ, కదలడానికి కాళ్ళు ఏ వరుసలో వేస్తారో కూడా గుర్తురావడంలేదు. రిహార్సల్లో నాలుగడుగులు నడిచి, అలవాటుకొద్దీ ఊపిరి ఆపేసి, ముఖం ఎర్రబడి ఆగిపోయాడు.

"ఊపిరి పీల్చుకోవచ్చండీ," అంది డైరెక్టరమ్మ మెల్లగా. "ఈ సీనులో పరవాలేదు."

"యాక్షన్!"

ఆయన నడిచాడు. కానిస్టేబుల్ నిండుగా నవ్వి చెయ్యెత్తాడు. పెద్దాయన ఆగాడు. ఆ చేతిని చూశాడు, ఆ నవ్వును చూశాడు, మళ్ళీ ఆ చేతిని చూశాడు. ఇరవై రెండేళ్ళు దుప్పటి కింద దాచిన గొంతు బయటికి వచ్చింది. బొంగురుగా, నిక్కచ్చిగా, దర్జాగా.

"ఏం? చెయ్యి నొప్పా?"

గేటు తోసుకొని లోపలికి పోయాడు.

"కట్! ఓకే!" అని డైరెక్టరమ్మ అరిచింది. సౌండు మనిషి హెడ్‌ఫోన్లు తీసేసి మరీ చప్పట్లు కొట్టాడు. లైట్లవాళ్ళు ఈలలు వేశారు. "తర్వాతి షాటు!" అని ఎవరో కేకేశారు.

గేటు వెనక నుంచి కీర్తిశేషులు తల బయటికి పెట్టాడు.

"అమ్మా, ఇంకో టేకు చేద్దాం."

"ఎందుకండీ? అద్భుతంగా వచ్చింది కదా!"

"వచ్చింది. కానీ చావడానికి పద్నాలుగు టేకులిచ్చారు. బతకడానికి ఒక్కటేనా?"

డైరెక్టరమ్మ ప్రొడ్యూసర్ వంక చూసింది. ప్రొడ్యూసర్ చేతులెత్తేశాడు.

"వన్ మోర్!" అందామె.

ఆయన వీధి మొదట్లోకి వెళ్ళి నిలబడి, చొక్కా గుండీలు పటపటలాడేలా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.