అడక్కుండా తీసిన ఫొటో

తిత్లీ తుఫాను వెళ్లాక దారులు కాస్త తెరిపిన పడగానే సుహాసిని ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టల్ నుంచి కవిటి దగ్గర మేనత్త ఊరికి వెళ్లింది. అత్త నారాయణమ్మ తోటలో, కూలిన కొబ్బరిచెట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సుహాసినికీ దుఃఖం ఆగలేదు. ఫోన్ తీసి ఒక ఫొటో తీసి, ఆ తర్వాతే వెళ్లి అత్తను పట్టుకుంది.

మర్నాడు నీళ్ల కోసం హైవే మీదికి వస్తే సిగ్నల్ దొరికింది. "మా అత్తకి తాగడానికి నీళ్లు లేవు, ఆదుకోండి" అని ఊరి పేరుతో సహా ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఎక్కడెక్కడివాళ్లో దాన్ని పంచుకున్నారు. శృంగవరపుకోట నుంచి కొందరు కుర్రాళ్లు వ్యాన్‌లో నీళ్లు తెచ్చారు. దిగుతూనే ఒకడు ఫోన్ చూసుకుని, "ఏడ్సిన మామ్మ మీరేనా?" అన్నాడు.

నారాయణమ్మ ఆ ఫొటో చూసింది. వాళ్లందరికీ బొండాలు కొట్టి ఇచ్చి పంపింది. తర్వాత మేనకోడలి వైపు తిరిగింది.

"ఏటే ఇది? మీ మావ పోయినప్పుడు కూడా పదిమందిలో ఏడవనేదు నాను. తోటలో ఎవులూ నేరని ఏడ్సినాను."

"నీళ్లొచ్చినాయి కదత్తా!"

"వచ్చినాయి, కాదన్నానా? నన్నొక్క మాట అడిగినావా?"

సుహాసిని తల దించుకుంది. "తీసేస్తానత్తా. కానీ అందరి ఫోన్లలోకీ ఎలిపోనాది."

ఆ పూట నారాయణమ్మ మేనకోడలికి అన్నం పెట్టి, తను కంచం పట్టుకుని వేరేగా గడప మీద కూర్చుంది. తెల్లారాక స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"ఇప్పుడు తియ్యి. మాటలు కూడా ఇనబడాల."

సుహాసిని వీడియో తీసింది.

"నాను నారాయణమ్మని. మా ఈదికి నీళ్లొచ్చినాయి, సాలు. సముద్రం ఒడ్డు పేటకి ఇంకా బండెల్లనేదు. దారంతా సెట్లు పడున్నాయి. రంపాలట్టుకుని రండి. ఎవుల్నైనా ఫొటో తియ్యాలంటే ముందు అడగండి."

ఇద్దరూ హైవే దాకా నడిచి వెళ్లారు. సుహాసిని పాత ఫొటో తీసేసి వీడియో పెట్టింది. ఫొటో పంచుకున్నవాళ్లకు, తీసేయమని ఒక్కొక్కరికీ రాసింది. కొందరు తీసేశారు, కొందరు పలకనే లేదు.

"నా గొంతు ఇలాగుంటాదేటే?" నారాయణమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నవ్వింది. "మీ మావ పాపం, ఎలా ఇన్నాడో! ఏదీ, ఇంకోసారి ఎట్టు."

రెండోనాటికి పేట దారిలో రంపాల చప్పుడు వినిపించింది.