లేని కిటికీ

ఊళ్ళో ఆయన్ని ఓపిక ప్లీడరు అనేవారు. వాదనలో గొంతు పెంచింది లేదు, బల్ల గుద్దింది లేదు. కోర్టు వదిలితే ఇల్లు, ఇల్లు వదిలితే కోర్టు. "నీకు పెళ్ళాం పిల్లలు తప్ప వేరే లోకమే లేదయ్యా" అని తోటి ప్లీడర్లు ఎగతాళి చేస్తే, "లేదు, నిజమే. ఉన్న లోకం చాలు" అని నవ్వేవాడు. పిచ్చి మహారాజు!

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. మర్నాడు కోర్టులో అడగబోయే ప్రశ్నలు ఆయన ముందురోజు సాయంత్రమే భోజనాల బల్ల దగ్గర అడిగి చూసుకునేవాడు. తమ్ముడు సాక్షి, భార్య అవతలి ప్లీడరు, కూతురు జడ్జీ. మాటలు కూడా తిరగని వయసులో ఆ పిల్ల చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టి, ఆర్డర్ అనబోయి "ఆల్డల్" అంది. కాలేజీకి వెళ్తున్నా ఆ చెంచా మాత్రం దించలేదు. తమ్ముణ్ణి ఆయనే పెంచాడు, ఆయనే లా చదివించాడు, నల్లకోటు కుట్టించి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బయట ప్రాణం పోయినా చెప్పని కేసు గుట్లన్నీ ఆ బల్ల దగ్గర కూర వడ్డించినంత ధారాళంగా చెప్పేసేవాడు. మన నలుగురిలో దాపరికమేమిటని ఆయన ధీమా.

అప్పుడొచ్చింది దర్జీ ఆవిడ కేసు. కొట్టు ఖాళీ చేయించాలని యజమాని దావా వేశాడు. కొట్టులోకి వెళ్ళాననీ, ఖాళీ చేస్తానని ఆవిడ తన ఎదుటే ఒప్పుకుందనీ చెప్పే దొంగసాక్షిని కూడా ఒకణ్ణి తయారు చేశాడు.

"వాడు నా గడప తొక్కితే ఒట్టు బాబూ! ఈ కొట్టు పోతే నేనూ నా మిషనూ వీధిన పడతాం" అని ఆవిడ లబలబలాడింది.

ఓపిక ప్లీడరుకు ఒకే ఒక ప్రశ్న తట్టింది. లోపలికి వెళ్ళినవాడికి మిషను ఎక్కడుందో తెలియకుండా ఉంటుందా? ఆ సాయంత్రం భోజనాల దగ్గర తమ్ముడి మీద ప్రయోగించాడు.

"చెప్పవయ్యా, మిషను ఎక్కడుంది?"

"నాకేం తెలుసన్నయ్యా, నేనా కొట్టు మొహం చూడలేదు!"

"అదీ! వాడూ అలాగే నీళ్ళు నమలాలి. కిటికీ పక్కన ఉంటుంది, వెలుతురు కోసం. ఆ ముక్క వాడికి తెలియదుగా!"

గ్లాసు టంగుమంది. "సాక్షి దొరికిపోయాడహో!" అంది కూతురు. అందరూ నవ్వారు.

నిజం చెప్పాలంటే ఆ కొట్టు లోపలికి ఆయనా వెళ్ళలేదు. దర్జీలు కిటికీ పక్కనే కూర్చుంటారని అనుకున్నాడంతే. పొద్దున్నే ఎందుకో మనసు పీకింది. తమ్ముణ్ణి ముందు కోర్టుకు పంపి, దారిలో కొట్టుకు వెళ్ళి చూశాడు. మూడు వైపులా పక్క కొట్ల గోడలే. మిషను వెనక గోడకు ఆనించి బల్బు కింద ఉంది.

"కిటికీయా? ఎక్కడిది బాబూ! లైటు లేకపోతే సూదిలో దారం కూడా ఎక్కదు" అంది ఆవిడ.

కాస్తలో పరువు పోయేదే అని తనలో తనే నవ్వుకుంటూ ఆయన కోర్టుకు నడిచాడు.

బోనులో సాక్షి తడుముకోనేలేదు. "మిషనాండీ? కిటికీ పక్కన. వెలుతురు కోసం" అన్నాడు.

ఓపిక ప్లీడరు చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. ఆ కిటికీ ఆ కొట్టులో లేదు, ఈ ఊళ్ళో లేదు. ఉన్నదల్లా తన భోజనాల బల్ల దగ్గర అన్న మాటలోనే. పక్కకు చూస్తే తమ్ముడు తేలు కుట్టిన దొంగలా ఫైల్లో తల దూర్చేశాడు. ఇక్కడ ఊరుకుంటే ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది, కానీ వెనక బెంచీ మీద కూర్చున్న ఆవిడ వీధిన పడుతుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ గదికి కిటికీయే లేదు. నువ్వు చూసిన కిటికీ ఎవరింటిదయ్యా?"

కోర్టు గొల్లుమంది. సాక్షి యజమాని తరఫు పెద్ద ప్లీడరు వంక చూశాడు. పెద్ద ప్లీడరు తమ్ముడి వంక చూశాడు. దావా కొట్టేశారు, కొట్టు నిలిచింది, దర్జీ ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. అందరూ భుజం తట్టారు. ఆయనకు ఒక్క మాటా చెవికెక్కలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాను పట్టాడు, పట్టి ఏం బావుకున్నాడు?

సాయంత్రం భోజనాలకు కూర్చున్నాక అడిగాడు. "ఎందుకురా?"

తమ్ముడు కంచంలోకి చూస్తూ అన్నాడు. "పెద్ద ప్లీడరు తన ఆఫీసులో చోటిస్తానన్నాడు. ఎన్నాళ్ళని నీ వెనక ఫైళ్ళు మొయ్యనన్నయ్యా?"

"వెళ్తానంటే నేనే దగ్గరుండి పంపేవాణ్ణి కదరా దౌర్భాగ్యుడా! ఆవిడ నోటి దగ్గర కూడు పడగొట్టి వెళ్ళాలా?"

"వాణ్ణి అనకండి" అంది భార్య. "నాకు తెలుసు. నేనే సరేనన్నాను. మీకు ఓడిపోవడం కొత్తా ఏమిటి? ఇంకొక్కటి ఓడితే వాడి బతుకు బాగుపడుతుందనుకున్నాను. ముందే చెప్తే మీరు సాగనిస్తారా?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ ఆయన పని. తమ్ముడి మీద కోపమొచ్చింది. భార్య మాటకు మాత్రం ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఓడి వచ్చిన ప్రతిసారీ "పోనిద్దురూ" అన్న మనిషి, ఆ ఓటములన్నీ ఇలా గుర్తుంచుకుందా? కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్లకు అప్పటికే కళ్ళనిండా నీళ్ళు.

"నీకూ తెలుసా తల్లీ?"

"మొన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు మాట్లాడుకున్నాం నాన్నా. ఇక్కడే. బాబాయి తన తరఫున చెప్పుకున్నాడు. అమ్మ కాసేపు నీ తరఫున కూడా మాట్లాడింది."

"గ్లాసు ఎవరు కొట్టారు?"

కూతురు వెక్కుతూ తల దించుకుంది. "నేనే."

ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు. గొంతు పెంచలేదు.

"నన్ను కూడా పిలవాల్సింది తల్లీ. హంతకుడికైనా శిక్ష వేసేముందు ఒకసారి అడుగుతారు, నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా అని."