పదకొండో వరుస

సహన టైపు చేసిన పుస్తకానికి ఇంకో అరగంటలో కేజీఎఫ్ హాల్లో ఆవిష్కరణ. అది తప్పుల తడక అని ఆమెకు నిన్న సాయంత్రమే తెలిసింది. రాసినవారు ఆమెకు లెక్కలు నేర్పిన వాసుదేవ మాస్టారు. ఆయన్ను తీసుకెళ్లే కారు ఇంటికి వచ్చేలోపు చెప్పాలి.

పుస్తకం నిండా బెసెల్ ఫంక్షన్ విలువలే. వేలాడే తాడు ఎలా ఊగుతుందో చెప్పే ఫంక్షన్ అది. అంతులేని శ్రేణిలో ఒక పదం కలుపుతూ, తర్వాతిది తీసేస్తూ, పదాలు లెక్కలోకి రానంత చిన్నవయ్యేదాకా పోవాలి. మాస్టారి తండ్రి బంగారు గనిలో గుమాస్తా. గని మూతపడ్డాక మిగిలిన అచ్చు ఫారాలు ఇంటికి మోసుకొచ్చారు. విలువకో ఫారం చొప్పున మాస్టారు ఇరవై రెండేళ్లు చేత్తో లెక్క కట్టారు. ఫోన్లో చిటికెలో దొరికే అంకెలకు ఇంత తపస్సెందుకని అడిగే గుండె ఎవరికీ లేకపోయింది.

ఫారానికి పది వరుసలు, కాబట్టి పదే పదాలు. “పది చాలు, మిగతాది పొట్టు” అని క్లాసులోనూ అనేవారు. సహన నమ్మింది. సరిచూడకుండా టైపు చేసింది. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతోంది.

“సార్, ఎనిమిది దగ్గర ఫంక్షన్ విలువ తప్పుగా ఉండాది.”

“టైపింగ్ తప్పా?”

“లెక్కే తప్పు సార్. ఐదు దాకా సరిగ్గానే ఉండాది. ఆపైన పది పదాలు చాలవు.”

మాస్టారు నవ్వారు. “యాడ, చూద్దాం.”

ఎనిమిది ఫారం తీశారు. పదో వరుసలో 0.5219. దాన్ని పదహారుతో గుణించి, వందతో భాగించి, కింది అంచున పెన్సిల్‌తో పదకొండో పదం వేశారు. 0.0835. మొత్తం విలువే 0.0981 అని పుస్తకంలో ఉంది. దీనికి అరనిమిషం కూడా పట్టలేదు. నవ్వు ఆగిపోయింది.

“ఇది పొట్టు కాదు కదమ్మా. ఎన్ని కాపీలు వేసినారు?”

“ఐదువందలు. ఆపేయమని ఫోన్ చేస్తాను సార్.”

“ఎవరికి చేస్తావు? ముళబాగిలు నుంచి కూడా పిల్లోళ్లు లీవు పెట్టి వచ్చినారు.”

బయట హారన్ మోగింది. పాత శిష్యుడు మోహన్‌కుమార్ దండతో లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“బ్యానర్ చూడాల సార్ మీరు! ‘పది చాలు’ అని మీ మాటే పెద్దగా రాయించినాము.”

మాస్టారు సహన వైపు చూశారు. ఆమె తల దించుకుంది. పెన్సిల్ చేతిలో ఉండగానే ఆయన దండకు మెడ వంచారు.