నీటావు వెళ్ళేదాకా

ఎప్పుడొస్తావు అని అడక్కుండా ఉండాల్సింది, ఆదివారం ఫోనులో అంతసేపూ బాగానే మాట్లాడింది వర్డీ, వాల్డోస్టాలో వాళ్ళ అక్క ఇంటి వెనక పీచ్ చెట్లు పూత పట్టాయనీ, అక్క మోకాలి ఆపరేషన్ అయిందనీ, తను మళ్ళీ కారు నడుపుతున్నాననీ చెబుతూ చెబుతూ ఒకసారి నవ్వింది కూడా, ఆ నవ్వు వినేసరికి హోలిస్ బ్యాగెట్‌కి నోరు ఆగలేదు, ఎప్పుడొస్తావు వర్డీ అనేశాడు, భార్య ఇల్లు వదిలి వెళ్ళిన ఆరేళ్ళుగా అడుగుతున్న మాటే, ఆ మాటకి ఆమె, పొయ్యి మీద ఏదో పెట్టాను హోలిస్, ఉంటా మరి, అని ఫోను పెట్టేసింది, పొయ్యి మీద ఏముంటుంది, మధ్యాహ్నం మూడింటికి ఎవరు వండుతారు, సరే, ఇప్పుడు చూడాల్సింది నీళ్ళని, అతను నల్లకళ్ళద్దాలు పైకి నెట్టుకుని క్రేను మోసే చదునైన పడవ, ఆ బార్జి అంచున వేసిన ఎత్తు కుర్చీలోంచి మళ్ళీ కాలవ వైపు చూశాడు, ఎడమ నుంచి కుడికి, దగ్గర నుంచి దూరానికి, అరవై నాలుగేళ్ళ వయసులో అతని ఉద్యోగం ఇదే, చూడటం, హోమోసాసా నది పక్క కాలవల్లో ఎవరింటి వెనకైనా పడవ కట్టుకునే డాక్ కడుతుంటే దగ్గరికి మానటీ, అదే నీటావు, వస్తుందేమోనని చూస్తూ కూర్చోవడం, వస్తే చెయ్యెత్తడం, చెయ్యి లేచిందంటే పని ఆగాలి, యాభై అడుగుల లోపల అది ఉన్నంతసేపూ క్రేను కదలకూడదు, డాక్‌కి పాతే గుంజ దిగకూడదు, అది తనంతట తను వెళ్ళిపోవాలి, లేకపోతే కనపడకుండా అరగంటైనా గడవాలి, ముప్పై ఏళ్ళు డాక్‌లు కట్టిన మనిషికి ఇప్పుడు కట్టేవాళ్ళని ఆపే పని, మోకాళ్ళు అరిగిపోయాక బార్జినీ క్రేనునీ తన దగ్గరే పని నేర్చుకున్న డార్నెల్ స్టకీకి అప్పగించేశాడు, ఇంట్లో గోడలతో ఏం మాట్లాడతావు పెద్దాయనా, నా బార్జి మీద కూర్చుని నీళ్ళతో మాట్లాడు, అని డార్నెలే లాక్కొచ్చి ఈ కుర్చీలో కూలేశాడు, మంచివాడే, నోరే కాస్త దురుసు, పూత పట్టిన పీచ్ చెట్టు కింద వర్డీ ఎలా ఉంటుందో, జుట్టు కత్తిరించుకుందట, మెడ మీదికి ఎంతవరకు కత్తిరించుకుందో అడగలేదు, అది అడగాల్సింది.

పెద్దాయనా, దించనా, అని క్రేను గదిలోంచి డార్నెల్ అరిచాడు, పన్నెండు గుంజలు దిగాయి, ఇంక రెండే ఉన్నాయి, పదమూడోది ఇనప తాడుకి వేలాడుతూ గాలికి కొద్దిగా తిరుగుతోంది, ఆటుకి నీళ్ళు లాగేస్తున్నాయి తొందరగా చెప్పు, మధ్యాహ్నానికి కాలవ ఎండితే బార్జి బురదలో కూర్చుంటుంది, రేపు పొద్దున్నే ఇంకో ఊళ్ళో పనుంది నాకు, హోలిస్ చెయ్యి ఊపి దించమనబోయాడు, అప్పుడే చూశాడు, పని జరిగే చోటు చుట్టూ బురద బయటికి పాకకుండా పసుపు బుడగలకి కట్టి వేలాడదీసిన గుడ్డ తెర, దాని కొస గట్టు గోడ దగ్గర ఊడి తలుపంత సందు వదిలింది, ఆ సందుకి ఇవతల, తెర లోపల, నీళ్ళ మీద ఒక పళ్ళెమంత నున్నటి గుండ్రం, అలలన్నీ దాని చుట్టూ ఆగిపోయినట్టు, దాని ముందు ఇంకో గుండ్రం, దాని ముందు ఇంకోటి, తోకతో అడుగు నీళ్ళని నెడితే పైకి అలా తేలతాయి, అలవాటు లేని కళ్ళకి అవి ఏమీ కావు, డార్నెల్‌కి కనపడవు, తాడు పట్టుకున్న కూలీకి కనపడవు, తనకి మాత్రమే తెలుసు, తను వర్డీ మెడ గురించి ఆలోచిస్తున్నప్పుడు అది లోపలికి వచ్చేసింది, గుంజ దిగడానికి నాలుగు నిమిషాలు చాలు, చప్పుడుకి బెదిరి అదే పారిపోతుంది, చెయ్యెత్తితే ఎలా వచ్చింది, నువ్వేం చేస్తున్నావు అని అడుగుతారు, ఇదంతా ఒక్క ఊపిరిలో అతని తలలో తిరిగింది, చెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది, పెద్దాయనా, బతికే ఉన్నావా, అని డార్నెల్ మళ్ళీ అరిచాడు, హోలిస్ చెయ్యెత్తాడు.

ఏదీ, ఎక్కడ, నాకేం కనపడట్లేదే, అని డార్నెల్ క్రేను గదిలోంచి దిగి అంచుకి వచ్చి నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు, తెర లోపలే ఉంది, గోడ పక్కన, అని హోలిస్ చూపించాడు, లోపలికెలా వస్తుంది, తెర కట్టాం కదా, వచ్చింది, సరిగ్గా చూడు, మొద్దేమో, మొన్న గాలివానకి కొట్టుకొచ్చిన మొద్దులు అడుగున బోలెడున్నాయి, ఒక్కసారి మొద్దని చెప్పు పెద్దాయనా, నీ కాళ్ళు మొక్కుతా, మొద్దు కాదురా, అన్నాడు హోలిస్, డార్నెల్ గుంజని బార్జి మీదికి దింపించి ఇంజను ఆపేశాడు, ఆపేశాక ఒక్కసారిగా కాలవంతా ఖాళీ అయినట్టు నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దానికి ఇంటావిడ మిసెస్ ఆస్టర్‌హౌట్ కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చింది, మిషిగన్ చలికి విసిగి పోయినేడే ఈ ఇల్లు కొనుక్కుంది, ఆగిందేం, అయిపోయిందా, లేదమ్మా, మానటీ వచ్చింది, అది వెళ్ళేదాకా కూర్చోవాలి, అయితే వెళ్ళగొట్టండి, వెళ్ళగొట్టకూడదమ్మా, పోనీ ఈ గొట్టంతో మంచినీళ్ళు అటు పోస్తా, మంచినీళ్ళంటే వాటికి ప్రాణమట కదా, తాగుతూ తాగుతూ బయటికి పోతుంది, వద్దమ్మా, పిలవనూకూడదు, తోలనూకూడదు, అదే పోవాలి, బాగుంది, నా పెరట్లో నేను డాక్ కట్టుకోవాలంటే ఆ దున్న ఒప్పుకోవాలా, అనుమతిచ్చినవాళ్ళు నీటికి ఐదడుగుల ఎత్తున కట్టాలన్నారు, పడవలోకి దిగాలంటే నాకు నిచ్చెన కావాలి, చెక్కల మధ్య సందులు పెట్టాలన్నారు, నా చెప్పు అందులో ఇరుక్కుంటుంది, కింద గడ్డికి ఎండ తగలాలి కదమ్మా, ఆ గడ్డే వాటి తిండి, తింటే తిననీ నాయనా, తిని పొమ్మను, అంటూనే ఆవిడ మాత్రం లోపలికి పోలేదు, గట్టు మీద కుర్చీ లాక్కుని కూర్చుంది, ఏ పక్కన, చూపించు, అంది.

మొద్దు, ఆ మాట డార్నెల్ ఎందుకన్నాడు, వాడికి తెలియదు, ఎవరికీ తెలియదు, వర్డీకి తప్ప, ఏడేళ్ళ కిందటి అక్టోబరు చివర, ఎర్రచేపలు పట్టే పోటీ రోజు, నాలుగింటిలోపు చేపలు తూకానికి చేరాలి, నాలుగుకి పది నిమిషాలుంది, నెమ్మదిగా వెళ్ళమని రాసిన బోర్డు దాటినా అతను పడవ వేగం తగ్గించలేదు, ముందు కూర్చున్న వర్డీ తలగుడ్డ గాలికి ఎగురుతోంది, అప్పుడు పడవ అడుగున మెత్తగా తగిలింది, గట్టిగా కాదు, మెత్తగా, పడవ ఒకసారి లేచి కూర్చుంది, ఆపు హోలిస్, అంది వర్డీ, మొద్దు, అన్నాడు, మొద్దు కాదు, వెనక్కి తిప్పు, మొద్దేలే వర్డీ, టైమైపోతోంది, ఆమె కూర్చున్న చోటే పూర్తిగా వెనక్కి తిరిగి రేవు చేరేదాకా ఆ నీళ్ళనే చూస్తూ కూర్చుంది, మొద్దు తగిలితే చెక్క టకామంటుందని ముప్పై ఏళ్ళు నీళ్ళ మీద బతికినవాడికి తెలియదా, తెలుసు, తగిలిన ఆ క్షణమే తెలుసు, పోటీలో మూడో స్థానం వచ్చింది, ఆ చెక్క బిళ్ళ ఇప్పటికీ గరాజులో ఏదో పెట్టెలో ఉండాలి, ఆ రాత్రి వర్డీ మామూలుగానే అన్నం పెట్టింది, మర్నాడూ మామూలుగానే మాట్లాడింది, ఎనిమిది నెలలు అలాగే మామూలుగా గడిచాక ఒకరోజు పెట్టె సర్దుకుంది, ఏం చేశాను నేను, కొట్టానా తిట్టానా, అని అతను గుమ్మంలో అడ్డం నిలబడితే అతని చొక్కా గుండీ సరిచేసి, నీ మీద నాకు కోపం లేదు హోలిస్, నువ్వు వెనక్కి చూడవు, అంతే, అంది, అంతేనా, ఇరవై తొమ్మిదేళ్ళ కాపురానికి అంతేనా, అప్పుడు ఒళ్ళు మండింది, తర్వాత మంట చల్లారి ఆమె మీద బెంగ మిగిలింది, పొద్దున లేవగానే రెండు కప్పులు కడిగే బెంగ, మంచం మీద ఆమె వైపున తన బట్టలు పెట్టుకోలేని బెంగ, సాయంత్రాలు ఆమె డాక్ చివర కాళ్ళు వేలాడేసుకుని హోలిస్, ఒక్కసారి వచ్చి చూడు, వచ్చాయి, రెండున్నాయి, అని పిలిచేది, వస్తున్నా వస్తున్నా అంటూ ఇంజను కింద దూరి పడుకునేవాడు, నూనె చేతులు తుడుచుకుని వెళ్ళేసరికి నీళ్ళు ఖాళీగా ఉండేవి, ఆమె కూడా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఫూ, అని ఎవరో పెద్ద నిట్టూర్పు విడిచినట్టు చప్పుడైంది, గోడకి మూడడుగుల దూరంలో రెండు ముక్కు రంధ్రాలు తేలి మూసుకున్నాయి, అమ్మో, అంది మిసెస్ ఆస్టర్‌హౌట్, కాఫీ ఒలికింది, హోలిస్ గడియారం చూసి అరగంట మళ్ళీ మొదటినుంచి లెక్క పెట్టాడు, ఆరు నిమిషాలకి మళ్ళీ తేలింది, మళ్ళీ మొదలు, గోడకి పట్టిన పాచిని పెదాలతో తీరిగ్గా గోకుతోంది, ఎక్కడికీ పోవాలని లేనట్టు, డార్నెల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు, మళ్ళీ తనే తీసి పెట్టుకున్నాడు, పదకొండయింది, పదకొండున్నరయింది, బార్జి అడుగు ఎక్కడో నేలని రాసుకుని మూలిగింది, అయిపోయింది పెద్దాయనా, కూర్చుండిపోయాం, ఇంక చీకటి పడ్డాకే నీళ్ళొచ్చేది, అని డార్నెల్ అరవకుండా మామూలుగా అన్నాడు, అలా అనడమే హోలిస్‌కి కష్టంగా తోచింది, తిట్టినా బాగుండేది, నీళ్ళు ఇంకా తగ్గితే తెర బట్ట దానికి చుట్టుకుంటుందిరా, సందు పెద్దది చెయ్యి, చప్పుడు చెయ్యకు, అన్నాడు, డార్నెల్ చెప్పులు విప్పి గట్టు మీద వంగి నడుస్తూ పసుపు బుడగల తాడుని మూర తర్వాత మూర మెల్లగా లాక్కున్నాడు, ఎండ నిట్టనిలువుగా పడుతోంది, నీళ్ళు పలచబడి అడుగు ఇసక కనిపిస్తోంది, అప్పుడు అది గోడని వదిలి పక్కకి తిరిగింది, మొత్తంగా కనిపించింది, పది అడుగుల బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద పచ్చటి పాచి, పాచి కింద ఎప్పటివో మానిపోయిన తెల్లటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, పడవ ఇంజను రెక్క కోసిన గీతలు, హోలిస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, అదే కాకపోవచ్చు, ఈ నదిలో గీతలు లేని మానటీ దొరకడమే కష్టం, అదా కాదా అని తెలిసే దారి లేదు, ఆ రోజు వెనక్కి తిప్పి ఉంటే తెలిసేది, అది అతని ముందునుంచి, బార్జి పక్కనుంచి, వంకర తిరిగిన ముసలి చేతుల్లాంటి రెక్కలతో ఇసకని అంటీ అంటకుండా తడుముకుంటూ తీరిగ్గా సందు దాటింది, దాటాక తోక ఒక్కసారి ఊపింది, నీళ్ళ మీద ఒక గుండ్రం తేలి చాలాసేపు ఉండిపోయింది.

ఇంత ఉంటుందా, అన్నాడు డార్నెల్, గట్టు మీద మోకాళ్ళ మీదే ఉండి, పన్నెండేళ్ళ నుంచి ఈ కాలవల్లో గుంజలు దింపుతున్నా, ముక్కులే చూశాను గానీ ఎప్పుడూ మొత్తం చూళ్ళేదు పెద్దాయనా, మిసెస్ ఆస్టర్‌హౌట్ కళ్ళు తుడుచుకుంటూ, రేపు కూడా వస్తుందా, నా మనవరాలొస్తోంది, అనడిగింది, డార్నెల్, అన్నాడు హోలిస్, తెర ఊడినట్టు నేను చూసుకోలేదురా, అది లోపలికి వస్తుంటే నేను చూడాల్సింది, చూడలేదు, తప్పు నాదే, నీ రోజంతా పోయింది, డార్నెల్ లేచి చెప్పులు తొడుక్కుంటూ, తెలుసు, నువ్వు పొద్దుటినుంచి ఎక్కడో ఉన్నావు, చెయ్యి ఎత్తావుగా, ఇంటికి పో పెద్దాయనా, నీళ్ళొచ్చాక బార్జిని నేను లాక్కుంటా, అని బార్జికీ గట్టుకీ మధ్య చెక్క వేసి గట్టు మీదికి చెయ్యి అందించాడు, తప్పు నాదే, రెండు మాటలు, బయటికి రావడానికి ఒక్క ఊపిరి కూడా పట్టలేదు, ఎవరూ చావలేదు, ఆకాశం విరిగి పడలేదు, ఆ రెండు మాటలూ ఆరేళ్ళలో వర్డీతో ఒక్క ఆదివారమైనా అనలేదు, వాటికి బదులు ఎప్పుడొస్తావు అని అడిగాడు, ఎప్పుడొస్తావు అంటే నేనిక్కడే ఉంటా, కదలను, నువ్వే కదులు అని, ప్రతి ఆదివారం తను అన్నది అదేనని ఇప్పుడు, ఎండలో గట్టు మీద మోకాళ్ళు నొప్పెడుతూ నిలబడితే తెలిసింది, పడవలో వెనక్కి తిరిగిన మనిషి ఆమె, రేవు చేరేదాకా చూపు మళ్ళించని మనిషి, ఆమెని పట్టుకుని వెనక్కి రమ్మంటున్నాడు తను, అతను ట్రక్కు తలుపు తీసి వేడెక్కిన సీటు మీద కూర్చున్నాడు, బట్టలు లేవు, చేతులకి తాడు మురికి, వాల్డోస్టా మూడు గంటల దారి, అది మొద్దు కాదు వర్డీ అని గుమ్మంలో నిలబడి చెప్పాలి, చెప్పాక ఆమె తలుపు తీసినా తియ్యకపోయినా, వచ్చినా రాకపోయినా, అది ఆమె ఇష్టం, ఇన్నాళ్ళూ రావాల్సింది ఆమె కాదు, వెళ్ళాల్సింది తను.