మేనల్లుడు అడిగిన జీపు

షార్షెన్ ఆ జీపును కొన్న నాటికి అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. సరిహద్దు సైనికులు వాడినన్నాళ్లు వాడి వదిలేస్తే, కొచ్కోర్ ఊరి అవతలి గొర్రెల కాపరి ఒకడు దాన్ని తెచ్చి తన దొడ్లో పడేసుకున్నాడు. టైర్లు లేవు, సీట్లు లేవు, అడుగు రేకు తుప్పుపట్టి జల్లెడైపోయింది. షార్షెన్ రెండు గొర్రెలిచ్చి, ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చుకున్నాడు. ఆయన భార్య బూర్మా గుమ్మంలో నిలబడి చూసి, కోళ్లను కూడా ఇచ్చారా అని మాత్రం అడిగింది.

కొన్నది తనకోసం కాదు, తల్లి కోసం. ఆ తల్లి పేరు కాలిపా. ఎనభై ఆరేళ్ల మనిషి. ముప్ఫై వేసవులు కాష్కాసూ కొండ మీది పచ్చికలో గుడారం వేసుకుని గుర్రాల పాలు పితికింది. మోకాలు విరిగాక మళ్లీ గుర్రం ఎక్కలేదు. వాగు దాటి రాళ్లలో పోవాల్సిన ఆ దారిలో మామూలు కార్లు పోవు. తన గుడారం చోట పెట్టుకున్న మూడు పొయ్యిరాళ్లు అలాగే ఉన్నాయో లేవో ఒక్కసారి కళ్లతో చూసుకోవాలని ఆవిడ కోరిక. ఈ జీపు బాగుచేసి నేను తీసుకెళ్తానమ్మా అన్నాడు షార్షెన్. ఆ మాట అని ఆరేళ్లయింది.

పని చెయ్యలేదని కాదు. మొదటి ఏడు అడుగు రేకంతా కోసి కొత్తది అతికించాడు. రెండో ఏడు ఇంజను విప్పి ముక్కలన్నీ వంటింటి బల్ల మీద పరిచాడు. ఆ శీతాకాలమంతా బూర్మా నేల మీదే కూర్చుని రొట్టెల పిండి పిసికింది. మూడో ఏడు ఇంజను పలికింది. ఆ రోజు కాలిపా పెట్టెలోంచి తెల్ల తలగుడ్డ తీసి ఉతికి ఆరేసుకుంది.

అయితే రంగు కుదరలేదు. సైన్యం ఆకుపచ్చ అది కాదని షార్షెన్ మొత్తం గీకేసి మళ్లీ వేశాడు. ఆ తర్వాత పైకప్పు గుడ్డ. బూర్మా కుట్టిన కుట్టు పాతకాలపు కుట్టులా లేదని విప్పించి మళ్లీ కుట్టించాడు. ఆ తర్వాత బోల్టులు. తలలు కొత్తరకంగా ఉన్నాయట. ఇంకొక్కటే మిగిలిందమ్మా, వచ్చే వేసవికి తప్పకుండా అనేవాడు. మనసులో కల్లాకపటం లేకుండానే అనేవాడు. ఏటా మంచు కరగ్గానే తెల్ల తలగుడ్డ బయటికొచ్చేది, ఆకులు రాలే వేళకు మళ్లీ పెట్టెలోకి పోయేది.

ఈ ఏడు ఎడమ దీపం చుట్టూ ఉండే రింగు ఒక్కటే తక్కువైంది. అల్మాటీలో ఎవరో చలికాలం లోపల పంపిస్తానన్నారు. అది వచ్చాకే కొండెక్కడం అనుకున్నాడు షార్షెన్. ఈలోగా జీపుకు దీవెన విందు చేసేద్దామని గొర్రెను కోశాడు. చెల్లెలు సాయ్రా వచ్చింది, ఆమె కొడుకు ఎర్మెక్ వచ్చాడు. వాడు పాల లారీ నడుపుతాడు. ఊరి పెద్దలంతా జీపు చుట్టూ తిరిగి, తలుపులు వేసి తీసి, ఫ్యాక్టరీ నుంచి నిన్ననే వచ్చినట్టుందయ్యా అన్నారు. బూర్మా దిష్టి తగలకుండా జునిపెరు చెట్టు కొమ్మల పొగ పట్టి, చక్రాలకు వెన్న రాసింది.

అక్కడివాళ్లకు మేనల్లుడంటే తమాషా కాదు. మేనమామ ఇంట్లో తనకు నచ్చింది జన్మలో మూడుసార్లు అడగొచ్చు, మామ కాదనకూడదు. ఎర్మెక్ ఏడేళ్లప్పుడు గుర్రప్పిల్లను అడిగి తోలుకుపోయాడు. సైన్యం నుంచి వచ్చాక తాతగారి జీను పట్టుకుపోయాడు. మూడోది మిగిలే ఉంది. అందుకే బుద్ధున్న మామ ఎవడూ నలుగురిలో తనంతట తాను ఆ ఊసెత్తడు. షార్షెన్ సంతోషంలో ఒళ్లు మరిచాడు.

"ఏరా అల్లుడూ, మూల కూర్చుని మాంసం తినడమేనా? ఇవాళ మీ మామ మనసు బాగుంది. ఏం కావాలో అడుగు."

బూర్మా వెనక నుంచి చొక్కా లాగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"నిజంగానే అడగనా మామా?"

"అడగరా. గుర్రప్పిల్లా, గొర్రెపోతా?"

"జీపు" అన్నాడు ఎర్మెక్.

షార్షెన్ నవ్వాడు. తన నవ్వు ఒక్కటే వినబడేసరికి ఆపేశాడు. తింటున్నవాళ్ల చేతులు పళ్లేల మీదే ఆగిపోయాయి. సాయ్రా తలొంచుకుంది. ఊరి పెద్దాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఇది మూడోసారేనా అని అడిగాడు. మూడోసారేనని ఎవరో చెప్పారు.

షార్షెన్‌కు ఆరేళ్లు కళ్లముందు తిరిగాయి. వాళ్ల నాన్న బతికుండగా ఆ ఇంట్లో మేనల్లుణ్ణి కాదన్నవాళ్లు లేరు. జేబులోంచి తాళంచెవి తీశాడు, ఆ చెయ్యి వేరేవాడిదేమో అనిపించింది.

"నీకు లారీ ఉందిగదరా" అన్నాడు దాన్ని వాడి చేతిలో పెడుతూ. "దీంతో నీకేం పని?"

ఎర్మెక్ అమ్మమ్మ వైపు చూశాడు. కాలిపా టీ గిన్నె కింద పెట్టింది.

"వాణ్ణి అడుగుతావేం? అడగమన్నది నేను."

షార్షెన్ తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వా?"

"నేనేరా. మూడేళ్ల కిందటే ఇది నడిచింది. పాడైంది నా మోకాలు, చెవులు కాదు. నాకోసం కొన్నావు, నిజమే. మధ్యలో ఎక్కడో నేను దిగిపోయాను, నువ్వు వెనక్కి తిరిగి చూసుకోలేదు. నీకు దీపం రింగు కావాలి. నాకు ఇంకో చలికాలం ఉందో లేదో. వీడికైతే బండంటే బండే. ఎక్కిస్తాడు, తీసుకుపోతాడు."

అప్పుడు గమనించాడు షార్షెన్. పొద్దుటినుంచీ తల్లి తలకు తెల్లగుడ్డ ఉంది. విందు కోసం కట్టుకుందనుకున్నాడు.

పెద్దలు అరచేతులు చాపి దీవించారు. ఎర్మెక్ అమ్మమ్మను పసిపిల్లలా ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. గేరు వెయ్యబోతే ఇనుము ఇనుమును కొరికిన చప్పుడైంది. షార్షెన్ పళ్లు జివ్వుమన్నాయి. రెండోసారీ అదే చప్పుడు.

"క్లచ్ రెండుసార్లు తొక్కాలిరా దానికి" అన్నాడు ఉండబట్టలేక.

"అంత బాధైతే వెనకెక్కు" అంది తల్లి.

ఎక్కాడు. వెనక పక్కవాటు బల్లలను ఎన్నిసార్లు నున్నగా చేశాడో, వాటి మీద కూర్చోవడం మాత్రం అదే మొదలు. వాగులో దిగగానే అడుగున రాయి ఖణేలుమంది. గట్టెక్కేటప్పుడు చెట్టుకొమ్మ ఒకటి తలుపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీసుకుంటూ పోయింది. షార్షెన్ అరవబోయాడు. ముందు సీట్లో తల్లి నవ్వుతోంది. మోకాలు విరిగాక ఆ నవ్వు ఆయన వినలేదు. నోరు తెరిచినవాడు అలాగే మూసుకున్నాడు.

పైన రెండు పొయ్యిరాళ్లు పెట్టినచోటే ఉన్నాయి. మూడోది ఎండిపోయిన కాలువలోకి దొర్లితే ఎర్మెక్ మోసుకొచ్చాడు. కాలిపా వాటి పక్కన గడ్డిలో కూర్చుని, నా పొయ్యిని ఎవడు తన్నాడో అని తిట్టుకుంటూ రాళ్లు సర్దుకుని, ఎర్మెక్ పచ్చికలో ఏరుకొచ్చిన పిడకలు మధ్యలో పేర్చింది.

షార్షెన్ జీపు ముందుకు వెళ్లి వంగాడు. రెండు దీపాలూ బురదతో మూసుకుపోయి ఉన్నాయి. రింగు లేనిది ఏదో తెలియలేదు. అలవాటుకొద్దీ జేబులోంచి నూనెగుడ్డ తీశాడు.

"అక్కడేం తుడుస్తావురా" అని కేకేసింది తల్లి. "పిడకలు చెమ్మగా ఉన్నాయి, అంటుకోవట్లేదు."

షార్షెన్ చేతిలోని గుడ్డ వైపు చూసుకున్నాడు. ఆరేళ్ల నూనె పీల్చిన గుడ్డ అది. తీసుకెళ్లి మూడు రాళ్ల మధ్య పెట్టి అగ్గిపుల్ల గీశాడు. భగ్గున అంటుకుంది.